చక్రం తిరిగినా చుక్కాని తిరగట్లేదు: పడవ స్టీరింగ్ పని డైరీ

జనవరి 5, ఆదివారం

పొద్దున్నే బావ ఫోన్. "స్టీరింగ్ మెత్తబడిపోయింది బావా. ఒకటిన్నర చుట్టు తిప్పేదాకా చుక్కానిలో చలనం ఉండట్లేదు. ఆ తర్వాత ఒక్కసారిగా లాగేస్తోంది. నూనె పోస్తే రెండు రోజులు బాగుంటుంది, మళ్ళీ మామూలే" అన్నాడు. ఆదివారం విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డు మూసి ఉంటుంది కాబట్టి స్పానర్ల పెట్టె స్కూటర్ మీద పెట్టుకుని ప్రకాశం బ్యారేజీ దాటి సీతానగరం వైపు వెళ్ళాను. మేనల్లుడు అప్పటికే గట్టు మీద ఎదురుచూస్తున్నాడు.

పడవ ముప్పై అడుగుల పాత ఫైబర్ పడవ. లోపల డీజిల్ ఇంజను, వెనక చుక్కాని. ఎగువ లంకల్లోకి సామాను చేరవేయడానికీ, అప్పుడప్పుడు నది కొలతలు తీసేవాళ్ళకు అద్దెకీ తిరుగుతుంది. నాకు ఇరవై ఏళ్ళుగా లారీల పవర్ స్టీరింగులే పని. పడవ స్టీరింగ్ విప్పడం ఇదే మొదటిసారి. అందుకే ఏం చేశామో ఏ రోజుకారోజు రాసిపెడుతున్నాను. కృష్ణ మీదో గోదారి మీదో ఇలాంటి పడవ బాగుచేయాల్సి వచ్చిన మెకానిక్కుకు పనికొస్తుంది.

లారీకీ దీనికీ పెద్ద తేడా ఒకటుంది. లారీలో ఇంజను నడిపే పంపు సాయం మాత్రమే చేస్తుంది. అది ఆగిపోయినా చక్రానికీ టైరుకూ మధ్య ఇనుప రాడ్లు ఉంటాయి, బలమంతా పెడితే బండి తిరుగుతుంది. ఈ పడవలో చక్రం వెనకున్న హెల్మ్ పంపును తిప్పేది మన చెయ్యే. ఆ పంపు నుంచి రెండు హోసులు వెనక్కి వెళ్ళి సిలిండర్‌కు చేరతాయి. ఒకదాంట్లో నూనె నెడితే రాడ్ ఒకవైపు జరుగుతుంది, రెండోదాంట్లోంచి అంతే నూనె పంపుకు తిరిగి వస్తుంది. చక్రానికీ చుక్కానికీ మధ్య నూనె తప్ప మరేమీ లేదు. నూనెను నొక్కితే కుంగదు, గాలిని నొక్కితే కుంగుతుంది. బావ చెప్పిన ఆ ఒకటిన్నర చుట్టు, హోసులో గాలిని నొక్కడానికే సరిపోతోందన్నమాట.

విప్పే ముందు మూడు పరీక్షలు చేశాం.

మొదటిది చుట్ల లెక్క. సిలిండర్ లోపలి వ్యాసం 38 మిల్లీమీటర్లు, రాడ్ 16, రాడ్ జరిగే దూరం 178. అంటే ఒక కొస నుంచి రెండో కొసకు వెళ్ళడానికి దాదాపు 166 సీసీ నూనె కావాలి. పంపు ఒక్కో చుట్టుకు 28 సీసీ నెడుతుంది. ఆరు చుట్లకు కాస్త తక్కువలోనే చుక్కాని ఆ కొస నుంచి ఈ కొసకు రావాలి. మేనల్లుడు లెక్కపెట్టాడు: ఏడున్నర.

రెండోది మట్టం పరీక్ష. హెల్మ్ మీది మూత తీసి, చక్రాన్ని ఒక కొసకు తిప్పి గట్టిగా అదిమిపట్టాను. లోపల నూనె వేలెడు దిగింది. వదలగానే మళ్ళీ పైకొచ్చింది. గాలి ఉందనడానికి దీనికి మించిన సాక్ష్యం అక్కర్లేదు. నొక్కినప్పుడు గాలి చిన్నదై నూనెకు చోటిస్తుంది, వదిలితే ఆ నూనెను వెనక్కి తోస్తుంది.

మూడోది వెనక నుంచి. చుక్కాని కాడను పైపుతో నెట్టి చూశాం. ముందు చక్రం మెల్లగా తిరిగింది. తిరగకూడదు. చుక్కాని మీద నీళ్ళ ఒత్తిడి చక్రం దాకా రాకుండా ఆపే కవాటాలు హెల్మ్‌లోనే ఉంటాయి, వాటిలో ఏదో సరిగా మూసుకోవట్లేదు.

సాయంత్రం బావతో ఖచ్చితంగా చెప్పాను, ఇది అయ్యేదాకా మనుషుల్ని ఎక్కించుకోవద్దని. పడవ ఉండేది బ్యారేజీకి ఎగువన. 2024 సెప్టెంబరు వరదలో కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ గేట్ల కౌంటర్ వెయిట్లను గుద్దిన సంగతి ఈ ఊళ్ళో ఎవరూ మరిచిపోలేదు. అవి మనిషి లేకుండా వచ్చినవి, నిజమే. కానీ అదుపు తప్పిన పడవ ఎటు పోతుందో అప్పుడు అందరం చూశాం.

జనవరి 8, బుధవారం

షెడ్డులో ముందుగా చేసింది రిపేరు కాదు, అత్యవసర చుక్కాని కాడ. చుక్కాని ఇరుసు తలకాయ మీద కూర్చునేలా సాకెట్ చేయించి, దానికి మూడడుగుల జీఐ పైపు వెల్డింగ్ పెట్టాం. ఇక్కడ ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. హెల్మ్‌లో కవాటాలు బాగున్న పడవలో ఈ కాడ బిగించి ఎంత లాగినా చుక్కాని కదలదు, ఎందుకంటే సిలిండర్ నూనెతో బిగుసుకుని ఉంటుంది. ముందు సిలిండర్ రాడ్‌ను చుక్కాని చేతి నుంచి విడదీయాలి. అక్కడున్న బోల్టు తీసేసి, వేలితో లాగితే వచ్చే పిన్ను పెట్టాం. అది నీళ్ళలో పడిపోకుండా చిన్న గొలుసు కూడా.

నూనె సంగతి. ఆటోనగర్ హైడ్రాలిక్ షాపుల్లో జేసీబీలకు వాడే 68, 46 నంబర్లు ఎక్కడైనా దొరుకుతాయి. ఈ స్టీరింగుకు కావాల్సింది 15 నంబరు. ఆ నంబరు 40 డిగ్రీల వేడిలో నూనె ఎంత చిక్కగా ఉంటుందో చెప్పే కొలత. 68 పోస్తే చక్రం బరువెక్కుతుంది, బుడగ త్వరగా పైకి తేలదు. విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర దుకాణం నుంచి నాలుగు లీటర్ల నూనె, సిలిండర్ సీల్ కిట్టు పార్సిల్ వేయమన్నాను.

"అందాకా బ్రేక్ ఆయిల్ పోసేద్దామా?" అని అడిగాడు బావ. వద్దంటే వద్దన్నాను. కార్లలో వాడే బ్రేక్ ఆయిల్ గ్లైకాల్‌తో చేసింది, ఈ స్టీరింగులో ఉండేది మినరల్ ఆయిల్‌కు తగిన రబ్బరు. బ్రేక్ ఆయిల్ తగిలితే ఆ సీళ్ళు ఉబ్బి మెత్తబడతాయి. ఒక్కసారి పోస్తే నూనె మార్చడంతో పోదు, లోపలున్న రబ్బరంతా మార్చాలి.

జనవరి 12, ఆదివారం

ఈ రోజంతా నూనె ఎక్కడ పోతోందో వెతకడమే. నూనె తగ్గితే మళ్ళీ పోసి ఊరుకోవడం దగ్గరే అందరూ ఆగిపోతారు. ఇది మూసి ఉన్న వ్యవస్థ, లోపల ఖర్చయ్యేది ఏమీ లేదు. నూనె తగ్గిందంటే కారింది. కారి హెల్మ్‌లో మట్టం పంపు నోటి కిందకు దిగితే, తర్వాతి చుట్టుకు పంపు గాలినే మింగుతుంది. బావ పడవలో జరిగింది అదే.

ముందుగా హెల్మ్ నుంచి చుక్కాని దాకా ప్రతి జాయింటునూ గుడ్డతో తుడిచి, డీజిల్‌తో కడిగి, ఆరబెట్టాం. నూనె చెమ్మ ఉంటే కొత్తదేదో పాతదేదో తెలియదు. ఆరిన తర్వాత జాయింట్ల మీద టాల్కమ్ పౌడర్ పల్చగా చల్లాం. ముగ్గుపిండి మాత్రం వాడకూడదు, అందులోని గరుకు సీళ్ళను కోస్తుంది. ప్రతి జాయింటు కిందా, హోసు కిందికి ఒంగిన చోటా ఒక పేపరు ముక్క పరిచి దాని మీద నంబరు వేశాం. తర్వాత మేనల్లుడు ముందు కూర్చుని చక్రాన్ని ఆ కొసా ఈ కొసా ఇరవైసార్లు తిప్పాడు, ప్రతి కొసలోనూ పది లెక్కపెట్టేదాకా అదిమిపట్టి. ఒత్తిడి ఉన్నప్పుడే కొన్ని కారతాయి. ఊరికే ఉన్న జాయింటు పొడిగా కనపడి మోసం చేస్తుంది.

అరగంటకు నాలుగో నంబరు పేపరు మీద మరక. ఆ చోట జాయింటే లేదు, హోసు మధ్య భాగం. హోసు పగిలిందేమో అని బావ కంగారుపడ్డాడు. చేత్తో పైకి తడుముకుంటూ వెళితే చెమ్మ హెల్మ్ వెనకున్న నట్టు దగ్గర మొదలైంది. నూనె అక్కడ కారి, హోసు పట్టుకుని నాలుగడుగులు జారి, హోసు కిందికి ఒంగిన చోట చుక్కగా పడుతోంది. మరక కనిపించిన చోటు నుంచి ఎప్పుడూ పైకే వెతకాలి.

నట్టు విప్పి చూస్తే మరలకు టెఫ్లాన్ టేపు చుట్టి ఉంది. నీళ్ళ పైపుకు చుట్టినట్టే, మూడు నాలుగు వరసలు. ఎప్పుడో ఎవరో చేసిన పని. ఈ స్టీరింగులో టేపు వాడకూడదు. బిగించేటప్పుడు తెగిన పోగులు నూనెతో పాటు లోపలికి వెళ్తాయి. మరలకు పూసే ద్రవ సీలెంట్ ఉంటుంది, అదీ మొదటి ఒకటి రెండు మరలు వదిలి పూయాలి.

రెండో లీకు సిలిండర్ దగ్గర. రాడ్ బయటికి వచ్చే ఎడమ మూతి, అంటే సీల్ కూర్చునే గ్లాండ్ చుట్టూ పౌడర్ ముద్దయింది. రాడ్‌ను వేలితో తుడిస్తే నల్లటి పొర, అందులో సన్నటి ఇసుక. వెనక అర లోపలికి నది నీళ్ళు చిమ్ముతాయి, ఒండ్రు ఎండి రాడ్ మీద అతుక్కుంటుంది. రాడ్ లోపలికి వెళ్ళినప్పుడల్లా ఆ ఇసుక సీల్‌ను కాస్త కాస్త అరగదీస్తుంది. గుర్రపుడెక్క వేరు పీచు కూడా ఒకటి గ్లాండ్ అంచున ఇరుక్కుని కనిపించింది.

పార్సిల్ రాలేదు. సంక్రాంతి ముందు వస్తుందన్న ఆశ కూడా లేదు.

జనవరి 19, ఆదివారం

పార్సిల్ శుక్రవారం చేరింది. నూనె దింపడానికి పెద్ద ట్రే, దాని కింద టార్పాలిన్ వేశాం. ఒక్క చుక్క కూడా నదిలో పడకూడదు. ఊరంతా తాగే నీళ్ళు ఇవే. పాత నూనెను డబ్బాలో పట్టి ఆటోనగర్‌లో వాడిన ఆయిల్ కొనేవాళ్ళకు ఇచ్చేశాను.

దింపిన నూనెను గాజు గ్లాసులో పోసి ఎండకు ఎత్తి చూశాం. బూడిద రంగు, అందులో సన్నటి తెల్లటి పోగులు. "మామయ్యా, ఇవి టేపు ముక్కలే" అన్నాడు మేనల్లుడు. చక్రం తనంతట తాను ఎందుకు తిరిగిందో అప్పుడు అర్థమైంది. హెల్మ్‌ను షెడ్డుకు తీసుకెళ్ళి కవాటాల అర విప్పితే, కవాటాన్ని మూసే ఒక గోళీ కూర్చునే చోట వెంట్రుకంత పోగు అడ్డంగా ఉంది. గోళీ పూర్తిగా కూర్చోకుండా ఆపడానికి అది చాలు. కడిగి, గాలి కొట్టి, మళ్ళీ బిగించాను. హెల్మ్ రెండు నోళ్ళకూ ఇత్తడి ప్లగ్గులు వేసి చక్రం తిప్పితే బండరాయిలా నిలబడింది. ఈ ప్లగ్గుల పరీక్ష తప్పకుండా చేయండి. ప్లగ్గులతో కూడా చక్రం జారుతుంటే లోపం హెల్మ్‌లో ఉంది. గట్టిగా నిలబడితే హెల్మ్ జోలికి వెళ్ళకుండా హోసులూ సిలిండరూ చూసుకోవచ్చు.

సిలిండర్ రాడ్ మీద గీతలు రెండు ఉన్నాయి, గోరు తగిలేంత లోతు లేవు. సన్నటి ఎమరీతో రాడ్ చుట్టూ తిప్పుతూ నునుపు చేశాను, పొడవునా రుద్దలేదు. పొడవుగా పడిన గీతలు నూనెకు కాలువల్లా పనిచేస్తాయి. కొత్త సీల్ పెదవి నూనె వైపు ఉండేలా కూర్చోబెట్టాను. రాడ్ చివర మరలు దాటేటప్పుడు సీల్ తెగకుండా మరల మీద పల్చటి ప్లాస్టిక్ కవరు చుట్టి, నూనె రాసి జరిపాను.

జనవరి 26, ఆదివారం

గాలి తీసే పని. ఇద్దరు చాలరు, ముగ్గురం కావాలి. చక్రం దగ్గర బావ, వెనక నేను, నూనె సీసా దగ్గర మేనల్లుడు.

హెల్మ్ మూత నోటికి పారదర్శకమైన ట్యూబు బిగించి, నూనె సీసాను తలకిందులుగా వేలాడదీశాం. నూనె దిగుతుంటే బుడగలు ట్యూబులో పైకి రావడం కంటికి కనపడుతుంది. చక్రాన్ని కుడి కొసకు తిప్పితే రాడ్ పూర్తిగా కుడివైపు వస్తుంది. అప్పుడు సిలిండర్ కుడి చివర, గాలి బయటికి వదిలే చిన్న నిపిల్‌కు ట్యూబు తొడిగి వదులు చేయాలి. రాడ్ వెనక్కి రాకుండా నేను గట్టిగా పట్టుకుంటే, బావ చక్రాన్ని ఎడమకు తిప్పుతాడు. నూనె కుడి హోసులోకి వచ్చి, దాంట్లో ఉన్న గాలిని నిపిల్ గుండా తోసేస్తుంది. మొదట నురుగు, తర్వాత బుడగలు, తర్వాత స్వచ్ఛమైన నూనె. చక్రం తిరుగుతుండగానే నిపిల్ బిగించాలి, ఆగాక బిగిస్తే గాలి వెనక్కి పీలుస్తుంది. తర్వాత ఎడమ వైపు ఇదే పని తిరగేసి.

ఎడమ వైపు సగంలో ఉండగా సీసా ఖాళీ అయింది. ముగ్గురం వెనక నురుగు వైపే చూస్తున్నాం. హెల్మ్ గాలి మింగేసింది. మళ్ళీ కుడి వైపు నుంచి మొదలు. బయటికి వచ్చిన నురుగు నూనెను తిరిగి వాడలేదు, ఒక పూట నిలిస్తే గానీ అందులోని గాలి పోదు.

సాయంత్రానికి చుట్లు ఆరుంపావుకు వచ్చాయి. మొదటి అర చుట్టు మాత్రం కాస్త మెత్తగా ఉంది. మట్టం పరీక్షలో నూనె రెండు మిల్లీమీటర్లు దిగింది. హోసుల్లో మిగిలిన చిన్న బుడగలు నాలుగు రోజుల్లో వాటంతట అవే ఎత్తులో ఉన్న హెల్మ్‌లోకి తేలి వస్తాయి, అది మామూలే. ఇవీ అలాంటివే అనుకుని ఇంటికి వచ్చేశాను. ఇక్కడ నేను పొరబడ్డాను.

జనవరి 29, బుధవారం

బావ ఫోన్. అర చుట్టు మెత్తదనం అలాగే ఉందట. "మట్టం ఎంతుంది?" అని అడిగాను. నూనె కొలవడానికి సైకిల్ చువ్వ మీద గీత గీసి ఇచ్చాను, గీత దగ్గరే ఉందన్నాడు. పేపర్ల మీద మరకలు లేవు. రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. నూనె పోకుండా గాలి ఎలా వచ్చింది? తెల్లవారుజామున తట్టింది. గాలి కొత్తగా రాలేదు. పాతదే బయటికి పోలేదు.

ఫిబ్రవరి 2, ఆదివారం

ఈసారి స్పానర్లు పెట్టెలోంచి తీయకుండా టార్చి పట్టుకుని హోసు దారంతా పాకుతూ చూశాను. రెండు చోట్ల తప్పు దొరికింది.

కుడి హోసు డీజిల్ ట్యాంకు మీదుగా గూనిలా లేచి మళ్ళీ కిందికి దిగుతోంది. ఆ గూని మీద బుడగ కూర్చుంటే చక్రం నెమ్మదిగా తిప్పినప్పుడు నూనె దాని కిందుగా పారిపోతుంది, బుడగ అక్కడే ఉంటుంది. హోసును ట్యాంకు పక్క నుంచి తెచ్చి, సిలిండర్ నుంచి హెల్మ్ దాకా ఎక్కడా దిగకుండా ఎక్కుతూ పోయేలా క్లాంపులు వేశాం.

అసలు తప్పు సిలిండర్ దగ్గర. నిపిళ్ళు రెండూ కిందికి చూస్తున్నాయి. నేనే పదిహేను రోజుల కింద విప్పి, ఎలా ఉందో అలాగే బిగించాను, చూసి కూడా ఆలోచించలేదు. గాలి సిలిండర్‌లో పైభాగానికి చేరుతుంది. నూనె వచ్చిపోయే నోరు అడుగున ఉంటే ఎన్ని లీటర్లు పారించినా పైనున్న గాలి కదలదు. ఇలా ఎందుకు తిప్పి పెట్టారా అని పైకి చూస్తే అర్థమైంది. నిపిళ్ళు పైకి ఉంటే అర మీది మూత బల్లకు తగులుతాయి. బల్ల తగులుతోందని సిలిండర్‌నే తిరగేశారు.

మేం సిలిండర్‌ను తిప్పి నిపిళ్ళు నిట్టనిలువుగా పైకి పెట్టాం, బల్లకు అడుగు వైపున నిపిళ్ళు పట్టేంత గాడి తీయించాం. వడ్రంగి పని గంటలో అయింది. మళ్ళీ గాలి తీశాం. ఈసారి చక్రాన్ని సెకనుకు ఒక చుట్టు చొప్పున తిప్పమన్నాను. కుడి నిపిల్ తెరవగానే ఒక్కసారిగా బుస్సుమని గాలి, వెంటనే నురుగు లేని నూనె. ఆ శబ్దం విని మేనల్లుడు "వచ్చేసింది మామయ్యా!" అని అరిచాడు. నెల రోజుల టెన్షన్ ఆ ఒక్క శబ్దంతో దిగిపోయింది.

చుట్లు: ఆరుకు ఒక వేలెడు తక్కువ. అదిమిపట్టినప్పుడు మట్టం కదల్లేదు. వెనక నుంచి నెడితే చక్రం కదల్లేదు.

హెల్మ్‌ను అంచు దాకా నింపలేదు, అర అంగుళం ఖాళీ ఉంచాం. మన ఎండకు నూనె వ్యాకోచించి మూతలోని గాలి రంధ్రం గుండా పొంగుతుంది, అది చూసి లీకు అనుకుంటారు. మట్టం ఎప్పుడు కొలిచినా పొద్దున ఎండ ఎక్కక ముందే కొలవమని బావకు చెప్పాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

నీళ్ళ మీద పరీక్ష. పొద్దున ఏడింటికి బయల్దేరాం. చక్రం దగ్గర సరంగు బాబాయి, నలభై ఏళ్ళుగా ఈ నది మీదే ఉన్న మనిషి. ఎడమ చేతివైపు ఉండవల్లి కొండ, కుడివైపు ఇంద్రకీలాద్రి, ముందు భవానీ ద్వీపం. ద్వీపం పక్కన నిదానంగా ఎనిమిది ఆకారంలో తిప్పాడు, తర్వాత వేగం పెంచి ఈ కొస నుంచి ఆ కొసకు. చక్రం మీద రెండు వేళ్ళే ఉంచి, "వేలు కదిపితే ముక్కు కదులుతోందిరా" అన్నాడు. తర్వాత ఇంజను నెమ్మది చేసి, పిన్ను లాగి, అత్యవసర కాడతో కూడా నడిపించాం. పిన్ను తీసి కాడ బిగించి పడవను మళ్ళీ దారిలో పెట్టడానికి నిమిషం పది సెకన్లు పట్టింది. మేనల్లుడు ఇంకోసారి చేస్తానన్నాడు, ఈసారి యాభై సెకన్లు.

గట్టుకు వచ్చాక పేపర్లు చూశాం. ఆరు పొడిగా ఉన్నాయి. ఏడో నంబరు, ఎడమ గ్లాండ్ కింద, గింజంత చెమ్మ. కొత్త సీల్ రాడ్ మీద పల్చటి పొర వదలడం మామూలే. అయినా తుడిచి కొత్త పేపరు పరిచి, పక్కన తేదీ రాశాను. ఇంజను పొగగొట్టానికి దగ్గరగా పోతున్న హోసు మీద రబ్బరు కాస్త మెరుస్తూ గట్టిపడుతోంది. దానికి కొత్త హోసు కొలత రాసుకున్నాను, బుధవారం ఆటోనగర్‌లో చివర్లు క్రింప్ చేయించి తెస్తాను. అది మార్చాక మళ్ళీ రెండు వైపులా గాలి తీయాలి.